ఇద్దరు పట్టే ఇల్లు కట్టిన మేస్త్రీ

మొన్న సెలూన్‌లో నా వంతు కోసం కూర్చుంటే గోడ మీద క్యాలెండరు కనిపించింది. రంగుల కంపెనీ వాళ్ళది. ఆ నెల బొమ్మలో నల్లటి సముద్రం, ఒక గుట్ట, గుట్ట అంచున మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నట్టు చిన్న ఇల్లు. రాతి గోడలు. పైన పెంకు లేదు, రేకు లేదు, పచ్చగడ్డి. కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంటే చదివించుకున్నాను. స్కాట్లాండులో ఏదో దీవి అట. ప్రకృతికి హాని చెయ్యని ఇల్లట. ఇద్దరికి మాత్రమేనట.

"ఈ ఇల్లు నేను కట్టించిందే" అన్నాను.

కత్తెర ఆగింది. నలుగురూ నావైపు తిరిగారు.

"స్కాట్లాండులోనా పెద్దాయనా?"

"స్కాట్లాండు కాదప్పా, సౌదీలో. తబూక్ పక్కన. అచ్చం ఇదే ఇల్లు. పదహారు మంది పనోళ్ళు నా చేతికింద. నా మాట లేకుండా ఒక్క రాయి కదిలేది కాదు."

గడ్డం గీయించుకుని ఎండలోకి వచ్చాక ఆ పదహారు మందినీ మనసులో నిలబెట్టి చూసుకున్నాను. నలుగురే నిలబడ్డారు. అందులో ఒకణ్ణి నేను. నా చేతికింద ఉన్నవి రెండు గ్యాసు పొయ్యిలు, ఒక గరిటె. ఆ తోటలో నేను వంటవాణ్ణి. ఆ ఇంటికి పిడికెడు మట్టి కూడా ఎత్తి ఎరగను. ఎత్తింది ఒక మేస్త్రీ. ఆయన పేరు రాయను. నా నోట్లో పడి ఆయన బతుకు ఇప్పటికే చాలా నలిగింది, పేరైనా శుభ్రంగా ఉండనివ్వండి.

జగిత్యాల దిక్కు మనిషి. యాభైకి రెండేళ్ళు తక్కువ. పొట్టివాడే గానీ, చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినంత పెద్దవి. దారిలో ఏ గోడ కనిపించినా వేలి కణుపుతో తట్టి చెవి ఆనించేవాడు. మేము పడుకునే పోర్టకాబిన్‌ను వచ్చిన రోజే తట్టి చూసి, "ఇది గోడ గాదు కాకా, డబ్బ. మనం డబ్బల సరుకులం" అన్నాడు. నన్ను కాకా అనేవాడు. నేను మేస్త్రీ అనేవాణ్ణి. మాది కడప జిల్లా. మేమిద్దరం మాట్లాడుకుంటే, అవి రెండు వేరు భాషలనుకునేవాడు తోటలోని బంగ్లాదేశ్ మనిషి.

మట్టిని నోట్లో వేసుకుని చూడటం ఆయనకు అలవాటు. చిటికెడు తీసి, నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపటికి ఉమ్మేసి తీర్పు చెప్పేవాడు. తబూక్ మట్టికి ఆయన చెప్పిన తీర్పు ఇప్పటికీ చెవిలో ఉంది.

"ఉప్పున్నది కాకా. ఉప్పు మట్టి గోడ మొదాలు మంచిగనే నిలవడ్తది. నమ్మినంక కూలుతది."

మా కఫీల్, అంటే మా వీసాలకు యజమాని, అరవై దాటిన పెద్దమనిషి. ఆలివ్ చెట్లు, ద్రాక్ష, గొర్రెల మందలు ఉన్న ఆసామి. ఒక ఏడాది భార్యతో ఆ స్కాట్లాండు దీవికి వెళ్ళి, అలాంటి ఇంట్లోనే వారం రోజులు ఉండి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి అదే ధ్యాస. ఫోనులో బొమ్మలు చూపించి, తోట చివర అదే ఇల్లు కావాలన్నాడు. రాయికి బదులు మట్టి గోడలైనా సరే, సిమెంటు వద్దు, కరెంటు వద్దు, ఏసీ అసలే వద్దు. గోడల్లో గొర్రె ఊలు కూరాలి. వాన నీళ్ళకు పీపా పెట్టాలి. కప్పు మీద గడ్డి పెరగాలి. ఒక మంచం, రెండు కుర్చీలు, రెండు కప్పులు. ఇద్దరికే, అని రెండు వేళ్ళు ఎత్తి చూపించాడు. మేము నలుగురం డబ్బాలో రెండంతస్తుల మంచాల మీద పడుకునేవాళ్ళం కాబట్టి ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

ఆ దీవిలో చలికాలం మట్టినే తవ్వి, ఇటుకల్లా ఎండబెట్టి, పొయ్యిలో కాలుస్తారని కఫీల్ చెప్పాడు. అది నేను తెలుగు చేస్తే మేస్త్రీ నమ్మలేదు.

"మట్టిని కాలవెడ్తరా? మల్ల ఇండ్లు దేంతోని కడ్తరు?"

"రాళ్ళతో."

"అన్నం తినేటోళ్లేనా కాకా వాళ్ళు?"

తోటలో అందరికీ వచ్చింది సిమెంటు ఇటుకల పని. ఊళ్ళో మట్టి గోడలు పెట్టినవాడు మేస్త్రీ ఒక్కడే. కఫీల్ మొదటిసారి ఆయన మొహం వైపు తేరిపార చూసి అడిగాడు, కడతావా అని. మేస్త్రీ నావైపు తిరిగి, "కడ్త. గని ఇది కట్టినంక నాకు ఖురూజ్ కావాలె, అడుగు కాకా" అన్నాడు.

ఖురూజ్ అంటే, ఇక తిరిగి రానని చెప్పి దేశం వదిలిపోయే కాగితం. ఫ్యాక్టరీ వీసాల వాళ్ళు ఫోనులో నొక్కి తెచ్చుకుంటున్నారని వినేవాళ్ళం. మావి తోట వీసాలు, కఫీల్ ఊ అనాలి. ఆరోజు ఊ అన్నాడు. కప్పు పచ్చబడిన రోజు కాగితం ఇస్తానన్నాడు.

ఎందుకంత తొందరో కూడా చెప్పాలి. ఊళ్ళో ఆయన భార్య బీడీలు చేస్తుంది. ఆమెకు కంటి నరం ఎండిపోతోంది. చూపు అంచుల నుంచి లోపలికి, బావి పూడుకుపోయినట్టు, మూసుకుంటూ వస్తోందట. పోయింది తిరిగి రాదని, ఉన్నది ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళని డాక్టరు చుక్కలమందు ఇచ్చి పంపాడట. పెళ్ళై ఇరవై ఆరేళ్ళు. సెలవులన్నీ కలుపుకున్నా వాళ్ళిద్దరూ ఒక కప్పు కింద ఉన్నది మూడేళ్ళు కాదు. ఆ చూపు ఉండగా ఒకసారి ఇల్లు చేరాలి, అంతే ఆయన కోరిక. ఇంకేదీ అడగలేదు ఎవరినీ.

రోజూ మధ్యాహ్నం అన్నాల తర్వాత నా వంటగదిలో కూర్చుని వీడియో కాల్ చేసేవాడు. సిగ్నల్ అక్కడే బాగా అందేది. నేను గిన్నెలు తోముతూ అన్నీ వినేవాణ్ణి.

"జర పక్కకు జరుగు. చెవు ఒక్కటే కనవడ్తుంది" అనేది ఆమె.

ఆయన ఫోను కొద్దిగా జరిపేవాడు. "ఇప్పుడు?"

"మీసం. తెల్లగైంది గదా!"

"దుమ్ము అది. పొద్దంత మట్టిల ఉంటి."

"దుమ్మో తెలుపో నాకు తెల్వదా? ఇంక కిందికి అను."

"గదువ కనవడ్తుందా?"

"ఆఁ. గీసుకోలే నువ్వు. ఇయ్యాలటికి చాలు, కండ్లు గుంజుతున్నయ్. మిగిలింది రేపు చూస్త." ఫోను పెట్టే ముందు ఒకటే మాట, "నువ్వొచ్చినంక మొత్తం ఒక్కసారే చూస్త. జల్ది రా."

మేము నవ్వేవాళ్ళం. మొగుణ్ణి ముక్కలు ముక్కలుగా చూసుకుంటోందని అందరికంటే గట్టిగా నవ్వింది నేను. ఆయన కూడా నవ్వేవాడు. తర్వాత లేచి పనిలోకి పోతూ పోతూ దాదాపు పరుగెత్తేవాడు.

ఉప్పు పోయేదాకా మట్టిని నీళ్ళలో కలిపి తేర్చాడు. గోధుమ గడ్డి కలిపి కాళ్ళతో తొక్కాడు. వారానికి మూరెడు ఎత్తు గోడే లేపేవాడు. ఇంత తొందర ఉన్నవాడివి, ఇంకో మూర లేపొచ్చు కదా అంటే, "తొందర నాది కాకా, గోడది గాదు" అనేవాడు. నాలుగు నెలలకు ఇల్లు లేచింది. నిజం చెప్తున్నాను, ఇందులో పెంచిందేమీ లేదు, బయట నలభై ఆరు డిగ్రీల ఎండ కాస్తుంటే ఆ ఇంట్లో కుండ పక్కన కూర్చున్నట్టుండేది.

గడ్డితోనే వచ్చింది చావు. కఫీల్ తెప్పించిన సీమ గడ్డి విత్తనం మొలిచిన మూడో రోజుకే మాడిపోయింది. రెండోసారీ అంతే. వాన నీళ్ళ పీపాలో వాన పడలేదు. ప్రకృతికి హాని చెయ్యని ఆ ఇంటి కప్పు తడపడానికి రెండు రోజులకొక ట్యాంకర్ డీజిల్ పొగ వదులుకుంటూ వచ్చేది. మేస్త్రీ కప్పు మీదే ఉండేవాడు. మోకాళ్ళ మీద కూర్చుని, తడిగుడ్డ కప్పి, తీసి, మళ్ళీ కప్పి. చంటిబిడ్డకు జ్వరం చూసినట్టు అరచేత్తో మట్టిని తాకి చూసేవాడు. చివరికి గొర్రెలకు వేసే బర్సీమ్ గడ్డి తెచ్చి నాటాడు. అది పట్టింది. పచ్చగా, ఒత్తుగా లేచింది. ఒక మేక వెనకవైపు గుట్ట మీంచి కప్పు మీదికి దూకి సగం మేసేసింది. కఫీల్ అది చూసి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వి, దీవిలో కూడా ఇట్లాగే గొర్రెలు ఎక్కేవని, ఇప్పుడు సరిగ్గా కుదిరిందని అన్నాడు. వచ్చే శుక్రవారం భార్యను తెచ్చి చూపిస్తాడు. ఆదివారం ఖురూజ్.

ఆరోజు మేస్త్రీ కప్పు మీదే నిలబడి ఇంటికి ఫోను చేశాడు. "ఆయితారం కాయితం వస్తది. మల్ల పది దినాలు." ఆమె ఏమందో వినబడలేదు. ఆయన మాత్రం ఫోను మొహానికి దూరంగా పట్టుకుని, పక్కకి తిప్పి, పైకెత్తి, తల మొత్తం కనిపించేలా చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు.

బుధవారం నాటికి కప్పు ఒక మూల పసుపు తిరిగింది. మేస్త్రీ కిందికి దిగి వంటగదికి వచ్చాడు.

"కాకా, ఒక దిక్కు ఎండుతున్నది. శుక్రారం కల్ల మొత్తం పోతే?"

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది.

"దిష్టి మేస్త్రీ అది" అన్నాను. "అంత పచ్చగుంటే తగలకుండా ఉంటాదా? మా దిక్కు నేను దిష్టి కట్టని ఇల్లు లేదు. ఆఫీసర్లు కార్లేసుకొచ్చి పిలుచుకుపోతాండ్రి నన్ను."

ఎవరూ పిలిచింది లేదు. మా చెల్లెలి ఇంటికి ఒకసారి కట్టాను, అదీ ఆమె చెప్పినట్టు.

"ఇక్కడ ఇసొంటియి చెయ్యద్దంటరు గద కాకా?"

"ఇరవై ఏండ్ల నుంచి ఉండా ఈ దేశంలో. నాకు తెలీదా ఏంది? లోపల, తలుపు పైన కడతా. ఎవురు చూస్తారు?"

ఆయన వద్దనలేదు. ఔననీ అనలేదు. నిమ్మకాయ, ఏడు మిరపకాయలు, ఒక బొగ్గు ముక్క. నల్ల దారంతో, ఒక్కో మిరపకాయకు ఒక్కో ముడి వేసి నేనే కట్టాను. ద్వారబంధానికి లోపలివైపు మేకు కొట్టింది కూడా నేనే. ఆ ఇంటికి నేను చేసిన పని ఏదైనా ఉంటే అదొక్కటే.

శుక్రవారం మధ్యాహ్నం కఫీల్ భార్య ఇల్లు చూడ్డానికి వచ్చింది. గోడల్ని చేత్తో నిమిరింది. కుర్చీలో కూర్చుంది. లేచి వెళ్ళబోతూ తల ఎత్తింది. నల్ల దారం, వరసగా ముడులు. ఆమె ఒక్క కేక పెట్టి అక్కడే కూలబడింది. ముడులు వేసి మనుషుల్ని పాడు చేసే చేతబడి గురించి వాళ్ళు చిన్నప్పటి నుంచి వినీ వినీ ఉంటారు. మన దిష్టి భయం మనకెంతో, వాళ్ళకా ముడుల భయం అంత. ఆ దేశంలో ఆ నేరం మీద పడినవాడు ఇల్లు చేరటం కష్టం. ఇరవై ఏళ్ళున్నవాణ్ణి, ఆ సంగతి నాకు తెలుసు. మేస్త్రీ ముందు గొప్పలు పోవడమే ముఖ్యమనిపించింది ఆ పూటకు.

భార్యను కారెక్కించి, మమ్మల్ని నలుగురినీ ఆ ఇంటి ముందుకు రమ్మని కఫీల్ కబురు పెట్టాడు. వెళ్ళే ముందు వంటగదిలో మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాను.

"నువ్వు కట్టినట్ల చెప్పు మేస్త్రీ."

ఆయన నన్ను చూశాడు.

"నేను లోపల పడితే నీ కోసం మాట్లాడేది ఎవురు? భాష వచ్చినోణ్ణి నేనొక్కణ్ణే గదా. కఫీల్ నా మాట తీసెయ్యడు, నన్ను సొంత తమ్ముని మాదిరి చూస్తాడు. రెండు దినాల్లో సర్దుతా. ఆదివారం కాకపోతే మంగళవారం నీ కాగితం నీ చేతిలో ఉంటాది."

"నిజంగ మాట్లాడ్తవా కాకా?"

"ఒట్టు."

నాకొచ్చిన అరబ్బీ రెండొందల మాటలు. అందులో సగం కూరగాయల పేర్లు. నన్ను తమ్ముడిలా చూడ్డం మాట అటుంచి, కఫీల్‌కు నా పేరు కూడా సరిగా తెలియదు, వంటాయనా అని పిలిచేవాడు.

మేస్త్రీ వెళ్ళి కఫీల్ ముందు నిలబడి, ఆ పెద్ద చేతులు రెండూ గుండెల మీద పెట్టుకుని, నేనే అన్నట్టు తల ఊపాడు. కఫీల్ కొట్టలేదు. తిట్టలేదు కూడా. ఈ ఇల్లు కట్టిన చెయ్యి కాబట్టి పోలీసులకు ఇవ్వను, నా భార్య మనసు కుదుటపడేదాకా ఖురూజ్ మాట ఎత్తొద్దు, నా కళ్ళ ముందు ఉండొద్దు అన్నాడు. ఆ సాయంత్రమే మేస్త్రీని ఎడారిలో గొర్రెల మంద దగ్గరికి పంపారు. రెండు గంటల దారి. గుడారం, నీళ్ళ ట్యాంకు, గొర్రెలు. సిగ్నల్ లేదు. పోతూ పోతూ నా నంబరు ఊళ్ళో తన భార్యకిచ్చాడు.

అప్పటి నుంచి ప్రతి గురువారం పాకిస్తానీ డ్రైవరు ట్యాంకర్ తోలుకుపోతుంటే రొట్టెల సంచితో నేనూ ఎక్కేవాణ్ణి. దూరంగా మా దుమ్ము కనిపించగానే మేస్త్రీ మందను వదిలేసి దారి మీదికి వచ్చి నిలబడేవాడు. బండి ఆగకముందే అడిగేవాడు.

"మాట్లాడినవా కాకా?"

"మాట్లాడినా. చాయ్ తాగుతా నా మాట శాంతంగా ఇన్న్యాడు. భార్యకు ఇంకా జ్వరం తగ్గలేదంట. వచ్చే వారం అన్న్యాడు."

మరుసటి గురువారం ఇంకొంచెం పెరిగేది. "కుర్చీలో నుంచి లేచి నా భుజం మీద చెయ్యేసినాడు మేస్త్రీ. నీ మొహం చూసి ఇస్తా అన్న్యాడు." ఆ పై వారం, "కాగితం రాసి పెట్టినాడు, నా కండ్లతో చూసినా. సంతకమొకటే." ఒక్కో వారం ఆ కాగితం రంగు, దాని మీది ముద్ర కూడా వర్ణించాను. ఆయన నోరు కొద్దిగా తెరిచి, పసిపిల్లాడు కథ విన్నట్టు వినేవాడు.

నిజంగా జరిగింది ఇది. రోజూ పొద్దువాలే అసర్ నమాజు తర్వాత కఫీల్ ముందు వాళ్ళ కాఫీ, గహ్వా కూజా పట్టుకుని నిలబడేవాణ్ణి. చిన్న కప్పులో పోసేవాణ్ణి. మాట గొంతు దాకా వచ్చేది. కఫీల్ తాగి, కప్పును అటూ ఇటూ రెండుసార్లు ఊపేవాడు. అలా ఊపితే చాలని అర్థం, పోసేవాడు కూజా తీసుకుని వెళ్ళిపోవాలి. నేను వెళ్ళిపోయేవాణ్ణి. ఒకటి కాదు, రెండు కాదు, ఐదు నెలలు.

మేస్త్రీ భార్య గొంతు వాయిస్ మెసేజీల్లో నా ఫోనుకు వచ్చేది. గురువారం ఆయనకు వినిపించేవాణ్ణి. మొదట్లో, "కాయితం ఏమైంది? ఎప్పుడొస్తవ్?" తర్వాత, "పొద్దుగాల జర కనవడ్తుంది, పగటీలకు మబ్బు పట్టినట్టయితుంది. జల్ది రా." తర్వాత, "దీపం పెట్టిన్రా లేదా అన్నది తెలుస్తుంది. మనిషి తెలుస్తలేడు." ఆయన ఒక్కోదాన్ని మూడుసార్లు వినేవాడు. బదులు చెప్పమంటే గొంతు సవరించుకుని, "కాక మాట్లాడుతున్నడు. కాయితం రాసిన్రట. సంతకమే ఉన్నదట" అని నా ఫోనులో నా అబద్ధాన్నే చెప్పి పంపేవాడు. దాన్ని నేనే నొక్కి పంపించేవాణ్ణి.

ఐదో నెలలో వచ్చిన మాట చాలా చిన్నది. నేను ముందే విన్నాను. దారంతా ఫోను జేబులో బొగ్గులా కాలింది. ట్యాంకర్ నీడలో కూర్చుని వినిపించాను.

"ఇగ తొందర లేదు. మెల్లగ రా."

ఆయన రెండోసారి పెట్టమనలేదు. బదులు పంపలేదు. ఫోను నా చేతిలో పెట్టి గొర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు.

మరుసటి గురువారం మా దుమ్ము చూసి దారి మీదికి రాలేదు. బండి ఆగాక నింపాదిగా వచ్చి రొట్టెల సంచి దించుకున్నాడు. "నీళ్ళు నిండ పోయమను కాకా, పోయినసారి తక్కువైనయ్" అన్నాడు. అంతే. మాట్లాడావా అని అడగలేదు. ఆయన అడగకపోవడాన్ని భరించలేకపోయాను. అడిగినన్నాళ్ళూ అబద్ధం చెప్పడానికి నాకొక చోటు ఉండేది.

ఆ సాయంత్రం కఫీల్ ముందు కూజా నేలకేసి కొట్టి నిలదీశానని ఒకరిద్దరికి చెప్పాను. అదీ కాదు జరిగింది. ఆయన కప్పు ఊపాడు. నేను వెళ్ళలేదు. పోస్తూనే ఉన్నాను. నిండి, పొర్లి, వేడి గహ్వా ఆయన వేళ్ళ మీద పడింది. ఆయన చెయ్యి విదిలించి లేచాడు. అప్పుడు నా రెండొందల మాటల్లో పనికొచ్చినవి ఏరుకుని చెప్పాను. ముడులు నేను. మేస్త్రీ కాదు. నేను. ఆయన భార్య, కళ్ళు, చీకటి.

కఫీల్ నన్ను చాలాసేపు చూశాడు. కోపం కూడా కాదది. మతిలోకి తెచ్చుకుంటున్నట్టు చూశాడు.

"ఆ మట్టి మనిషి ఇంకా ఇక్కడే ఉన్నాడా?" అన్నాడు.

మర్చిపోయాడు. ఆయన భార్య రెండు వారాలకే మామూలైపోయిందట. ఆ ఇంట్లోకి మళ్ళీ అడుగు పెట్టనందట, అంతే. ఎవరైనా ఒక్కసారి గుర్తు చేసి ఉంటే అప్పుడే ఇచ్చేవాణ్ణి అన్నాడు. ఎవరూ అడగలేదు కదా అన్నాడు.

ఇద్దరికీ ఖురూజ్ ఇచ్చాడు. నీ చేతి కూడు ఇంక వద్దన్నాడు నాతో. నాలుగు రోజుల్లో నా టిక్కెట్టు. మేస్త్రీ ఇన్ని నెలలు వగచింది దేనికోసమో, అది నాకు శిక్షగా ఆయనకంటే ముందు దొరికింది.

వెళ్ళేముందు మంద దగ్గరికి పోయి ఆయన కాగితం ఆయన చేతికిచ్చాను. అరవై రోజుల్లోపు ఎప్పుడైనా దేశం దాటొచ్చు. ఆయన దాన్ని చదవడానికి కూడా విప్పలేదు. నేను అంతా చెప్పాను. ఒక్కసారి కూడా మాట్లాడలేదని, భుజం మీద చెయ్యి లేదని, రాసిపెట్టిన కాగితం లేదని.

ఒక గొర్రె ఈనుతోంది. ఆయన దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు.

"మూడు నెలల కింద చెప్తే అయిపోతుండె గద కాకా" అన్నాడు. "మూడు నెలల కింద ఆమెకు పొద్దుగాలైతే మనుషులు కనవడుతుండె."

నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు. పిల్లను బయటికి లాగి, మూతి తుడిచి, తల్లి ముందు పెట్టాడు.

"రేపే బయలెల్లు మేస్త్రీ. నాతోనే రా."

"గొర్లు ఈనుతున్నయ్ కాకా. అయినంక పోత."

"అరవై దినాలే ఉండాది."

"అరవయ్యో దినం పోత. ఇప్పుడు ఎప్పుడు పోతేంది?"

ఇంటికొచ్చిన వారానికి నేను మా ఊరి నుంచి జగిత్యాల దిక్కు బస్సెక్కాను. పోయి ఆమె కాళ్ళ మీద పడాలని బయలుదేరానని మా ఇంట్లో చెప్పాను. నిజానికి ఎందుకు పోతున్నానో నాకు తెలియదు. పగటిపూట చేరాను. ఆమె వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కింటామె ఆకు కత్తిరించి ఇస్తే, పొగాకు వేసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టి, అంతా వేళ్ళతోనే. కళ్ళు ఎటో చూస్తున్నాయి.

సౌదీ నుంచి వచ్చానని, వంటవాణ్ణని చెప్పాను.

"కాకవా!" అంది. మొహం విప్పారింది. "కూసో, కూసో. నీ మాటనే చెప్తుండె ఆయన. కాక మాట తప్పడు, మన కోసం మస్తు తిరుగుతున్నడని. నీళ్ళు తాగుతవా?"

ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"నువ్వు ఆయనను చూసొచ్చినవ్ గద" అంది. "ఎట్లున్నడు? ఊకె మంచిగున్నడనకు. అందరు అదే అంటున్నరు. ముఖం చెప్పు."

జీవితమంతా ఉన్నదానికి నాలుగు కలిపి చెప్పినవాణ్ణి. ఆ పూట కలపడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. నుదుటి మీద మూడు గీతలు పడ్డాయని చెప్పాను, మధ్యది లోతుగా ఉందని. ఎడమ కనుబొమ్మ సగం రాలిపోయిందని. ఇసుక పడీ పడీ కళ్ళు ఎర్రగా ఉంటాయని, మాట్లాడేటప్పుడు చికిలిస్తాడని. చెవుల అంచులు ఎండకు పొరలు లేచాయని. మీసం తెల్లబడిందని, దుమ్ము కాదని. పెదవి పగిలి ఒకచోట నల్లటి గాటు నిలిచిపోయిందని. ఎండు రొట్టె కొరకబోతే కింద ముందు పన్ను ఒకటి పోయిందని, నవ్వితే ఆ సందు కనిపిస్తుందని, ఈమధ్య నవ్వడం నేను చూడలేదని. ఆమె చేతులు ఆపేసింది. నేను చెప్తున్న చోటల్లా ఆమె వేళ్ళు గాల్లో కొద్దిగా కదిలాయి.

"నువ్వు నిజం చెప్పెటోనివి కాకా" అంది.

అప్పుడిక దాచలేకపోయాను. నిమ్మకాయ దగ్గర మొదలుపెట్టి గహ్వా కప్పు దాకా అంతా చెప్పాను. ఐదు నెలలూ ఆమెకు వచ్చిన ప్రతి కబురూ నేను పుట్టించిందేనని చెప్పాను. అడిగి ఉంటే రెండు వారాల్లో వచ్చేవాడని, ఆమె చూసేదని చెప్పాను. పక్కింటామె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. తిడుతుందేమోనని, చాట విసురుతుందేమోనని నేను తల వంచుకుని కూర్చున్నాను. విసిరితే బాగుండు.

ఆమె ఒళ్ళోని చాట తీసి కింద పెట్టింది. చేతులకంటిన పొగాకు దులుపుకుంది. నా గొంతు వచ్చిన దిక్కుకు మొహం తిప్పింది.

"ముఖం మల్లొకసారి చెప్పు" అంది.

నుదుటి నుంచి మొదలుపెట్టాను.